గోధుమ తగలని ముక్క

జులై 8, మంగళవారం

ఓట్స్ బిస్కెట్లు, మొదటి వాయి. ట్రేకు కరుచుకుని పిడకల్లా ఉన్నాయి. అట్లకాడతో గీరితే పొడి. ఫోన్‌లో ఆ అమ్మాయి మాత్రం ఒకటి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది - గోధుమ లేదు, పాలు లేవు, గుడ్డు లేదు, అయినా ఎంత రుచో అని. అబద్ధం. తడిసిన అట్టపెట్టె నమిలినట్టుంది.

గోధుమ కర్నూలు డాక్టరు మాన్పించాడు, బతికినంత కాలం. పాలు పేగు మానేదాకా. గుడ్డు నేనే మానుకున్నాను, ఈ జబ్బు మొదలైనప్పటి నుంచి ఆ నీచువాసనకే కడుపులో దేవుతోంది. మిగిలింది ఇదీ.

మా ఆయన ఒకటి కొరికి, కిటికీలోంచి వీధి చూస్తూ నమిలారు. బాగానే ఉండాదన్నారు. మిగతా సగం చొక్కా జేబులోకి జారడం చూశాను.

జులై 10

రెండో వాయి. అరటిపండు ఎక్కువైంది. పైన మాడు, లోపల పచ్చి. పైగా చెనక్కాయ నూనె పాతది, ఇల్లంతా ముక్కిన కంపు. వీధి కుక్క వాసన చూసి వెళ్ళిపోయింది. దానికున్న తెగువ ఆయనకు లేదు.

జులై 13, ఆదివారం

కడప నుంచి స్కూటర్ మీద మా ఊరికి, చర్చికి. ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం ఆవరణలో ఉప్మా. మా అత్తే చేసింది, పొద్దున చీకటితో లేచి, బొంబాయి రవ్వతో. అందరికీ విస్తరాకు ముక్కల్లో పెడుతూ వచ్చి నా ముందు ఆగింది. నేను డబ్బా తెరిచాను. లోపల నా బిస్కెట్లు, నల్లగా, ఆకారం లేకుండా.

పడదని చెప్పాను. డాక్టరు వద్దన్నాడని చెప్పాను. చుట్టూ నములుతున్న నోళ్ళు ఆగాయి.

అత్త గరిటె దించలేదు. "పెద్దిండ్లోళ్ళు మన చేతిది తినకపోతే ఎందుకో మాకు తెల్సు పాపా. నువ్వు ఎందుకు తినవో చెప్పు."

గోధుమ రవ్వలో గ్లూటెన్ ఉంటుందన్నాను. ఆ ఆవరణలో, అత్త వాళ్ళమ్మ దోసిలి పట్టి పైనుంచి పోయించుకుని నీళ్ళు తాగిన ఊళ్ళో, ఆ మాట నా చెవికే దొంగసాకులా వినిపించింది. అత్త గరిటె నిండా ఉప్మా పక్కావిడ ఆకులో వేసి ముందుకు పోయింది.

జులై 15

స్టాఫ్ రూములో లెక్కల సారు పుట్టినరోజు. కేకు. ఒక్క ముక్కకు ఏం కాదు మేడమ్... ఒక్క ముక్కకు ఏం కాదు. పాలాయన, పక్కింటావిడ, మా ఆడబిడ్డ, అందరిదీ ఇదే పాట. వాళ్ళ ఒక్క ముక్కలన్నీ కలిపితే ఒక రొట్టె.

జులై 22

రాసుకోవడానికే అసహ్యం. మూడు రోజులుగా బాత్రూమే ఇల్లు. కారణం - శుక్రవారం నేను స్కూలు నుంచి ఆలస్యమైతే ఆయన ప్రేమగా నాకు జొన్నరొట్టె కాల్చి పెట్టారు. తన చపాతీలు కాల్చిన పెనం మీదే. చపాతీ పిండి రవ్వంత అంటుకుని ఉంటుంది, అంతే. ఆ రవ్వంత చాలు. డాక్టరు మరీ మరీ చెప్పిందే అది.

కడుపు ఉబ్బి, నోరు చేదెక్కి, నా ఒంటి వాసన నాకే పడక... ఆయన తలుపు బయట నిలబడి ఏమైనా కావాలా అని అడుగుతుంటే, పోండి అన్నాను.

పెనాలు వేరు చేశాం.

జులై 27, ఆదివారం

ఇప్పుడు ఎవరి చేతులు చూసినా పిండే కనిపిస్తోంది. చర్చిలో పక్కనున్నావిడ చేయి కలిపి "వందనాలక్కా" అంది. గోళ్ళ సందుల్లో తెల్లగా. సబ్బే అయ్యుండవచ్చు. బయటికొచ్చి కుళాయి కింద కడుక్కున్నాను. ఆమె చూసింది.

ఆగస్టు 3, ఆదివారం

బల్ల రోజు, నెలకోసారి ప్రభువు రొట్టె, ద్రాక్షారసం పంచేది. ఈసారి కూడా నేను బల్ల ముందుకు వెళ్ళలేదు. వరసలు వరసలుగా లేచి, బల్ల ముందు మోకరించి, చేతులు చాపి, రొట్టె ముక్క తీసుకుని తిరిగి వస్తున్నారు. అది గోధుమ రొట్టె. నాకు ఎప్పుడూ ఇష్టమైన ఘడియ అది. ఆ చిన్న ముక్క నాలుక మీద మెత్తబడే దాకా కొరక్కుండా ఉంచుకునేదాన్ని.

బల్లలో చేయి వేయనివాళ్ళు చివరి బెంచీ. అక్కడ ఇంకా బాప్తిస్మం కానివాళ్ళు, తాగుడు మాననివాళ్ళు. మా ఊరి ఆటో నడిపే ప్రసాదు జరిగి చోటిచ్చాడు. "రాండి టీచరమ్మా" అన్నాడు, ఇంటికొచ్చిన చుట్టంతో అన్నట్టు. పొద్దునే వేసుకుని వచ్చాడు. కంపు. అయినా ఆ మందిరంలో నా వైపు అనుమానంగా చూడనిది అతనొక్కడే.

ఆగస్టు 5

ఆడబిడ్డ ఫోన్. ఊళ్ళో అనుకుంటున్నారట - టీచరమ్మ బల్లకు రాలేదంటే ఏదో ఉండాదని. ఏమిటో మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. అన్నీ చెప్పింది, ఒకటీ వదలకుండా. చివర్లో, నేనైతే నమ్మలేదులే వదినా అంది. నమ్మనిది ఎందుకు మోసుకొచ్చినట్టు?

ఆగస్టు 9, శనివారం

యోబు మామ వచ్చాడు. సంఘ పెద్ద హోదాలో, తెల్ల చొక్కాతో. హాల్లో మా ఆయనతో గుసగుస - ఇంట్లో ఏమన్నా గొడవా, మాట్లాడి సర్దుదామని. నేను వంటింట్లో నిలబడి వింటున్నాను. అడగాల్సింది నన్ను. నేను నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను.

చాయ్, ఒక పళ్ళెంలో నా బిస్కెట్లు పెట్టుకుని వెళ్ళి కూర్చున్నాను. జబ్బు సంగతి నేనే చెప్పాను, రొట్టెలో గోధుమ ఉంటుందని, నా ముక్క నేను వేరే చేసి తెచ్చుకోవచ్చా అని. యోబు మామ బిస్కెట్ చాయ్‌లో ముంచాడు. అది మునిగి కరిగిపోయింది. అడుగున బురద. మర్యాదస్తుడు, గ్లాసు ఎత్తి ఆ బురద కూడా మింగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి పాపం.

కమిటీలో పెడతానన్నాడు. డాక్టరు కాగితాలు తీసుకురమ్మన్నాడు.

ఆగస్టు 17, ఆదివారం

ఛీ.

ఆగస్టు 18

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. ఆరాధన తర్వాత పాస్టరు అయ్యగారి గదిలో కమిటీ. అందరూ మగవాళ్ళే. నన్ను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. తలుపు తీసే ఉంది. నా పేగు ఫోటో, కర్నూల్లో గొట్టం వేసి తీసింది, చేతి నుంచి చేతికి తిరిగింది. వేళ్ళకు మిక్చర్ నూనె. ఒకాయన తలకిందులుగా పట్టుకుని చూశాడు. రోజుకు ఎన్నిసార్లు పోతుందని ఒకరి ప్రశ్న. మా ఆయన జవాబు చెప్పారు. చెప్పారు!

"అంటుకుంటాదా?" అన్నదెవరో, గొంతు పోల్చుకోలేకపోయాను. "అదే గిన్నెలు వాడతాం గదా మనం."

ఆ మాటకు అయ్యగారు కొంచెం గట్టిగా, అలాంటిదేం కాదన్నారు. ఆ ఒక్కందుకు ఆయనకు కృతజ్ఞత. కానీ ఆ గదిలో అందరూ ఒకసారి తమ తమ చేతులు చూసుకోవడం నేను చూశాను. ఆ చూపు నాకు తెలుసు. మొన్న కుళాయి దగ్గర నా ముఖంలో ఉన్నదీ అదే. రాయకూడదనుకున్నాను, రాశాను.

తిరుగు ప్రయాణంలో స్కూటర్ మీద ఆయన భుజం పట్టుకోలేదు. వెనక కమ్మీ పట్టుకుని కూర్చున్నాను, కడప దాకా.

ఆగస్టు 24, ఆదివారం

ఒప్పుకున్నారు. అయ్యగారే పిలిచి చెప్పారు. షరతులు - తీపి ఉండకూడదు, సోడా ఉండకూడదు, పులియకూడదు. పాలు, గుడ్డు ఎటూ లేవు కాబట్టి ఇంకా మంచిదేనమ్మా అని నవ్వారు. బెల్లం, అరటిపండు, నువ్వులు, అన్నీ తీసేస్తే ఇంక మిగిలేది ఓట్స్, నీళ్ళు, నాలుగు చుక్కల నూనె. అట్టపెట్టెలోంచి రుచి కూడా తీసేయమన్నట్టు.

అయినా ఇంటికి వచ్చేదాకా లోపల ఏదో తేలిగ్గా ఉంది.

ఆగస్టు 30

ఇవాళ బిస్కెట్లు కుదిరాయి. మామూలువి, నాకోసం. నానబెట్టిన అవిసె గింజలు గుడ్డుకు బదులు, గానుగ నుంచి తెచ్చిన కొత్త చెనక్కాయ నూనె, బెల్లం పాకం కాకుండా తురుము. అంచులు కరకర, నడుమ మెత్తన. ఆయన రెండు తిన్నారు, జేబు వైపు చేయి పోలేదు. నన్ను మాట్లాడించాలని చూస్తున్నారు. ఇంకొకటి ఇచ్చాను. అంతవరకే.

సెప్టెంబరు 6, శనివారం

రేపటి ముక్క కోసం పొద్దుటి నుంచి. ఓవెన్ కడిగి తుడిచాను. కొత్త ట్రే. గోధుమ తగలలేదని రాసున్న ఓట్స్ ప్యాకెట్టే, వేరే మిక్సీ జారులో మెత్తగా పట్టాను. పిండి నిలవదు, పగులుతుంది. మళ్ళీ కలిపాను. మళ్ళీ పగిలింది. ఆయన వచ్చి అడగకుండానే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, ఆపరేషనుకు పోయే డాక్టరులా చేతులు పైకెత్తుకుని నిలబడ్డారు. నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

ఇద్దరం కలిసి ఒత్తాం. పలచగా, గుండ్రంగా, ఒక్కటే. పగల్లేదు. మూత గట్టిగా ఉన్న చిన్న స్టీలు డబ్బాలో పెట్టాను.

సెప్టెంబరు 7, ఆదివారం

ఆరాధనకు ముందే డబ్బా అయ్యగారి చేతికిచ్చాను. మూత తీయకుండా పక్కన ఉంచి, నా వంతు వచ్చినప్పుడు నాకే ఇమ్మని చెప్పాను. తలూపారు.

బల్ల ముందు. ఈ వరసలో నేనూ మోకరించాను. సంతోషంగా ఉంది. నా పక్కన అత్త. అయ్యగారు డబ్బా మూత తీశారు. తీసి, సంఘం వైపు తిరిగి, మన సహోదరి కోసం వేరే రొట్టె వచ్చిందని, అయినా మనం వేరు కాదని, ప్రభువు శరీరం ఒక్కటేనని చెప్పి...

నా ముక్కను ఆ పెద్ద పళ్ళెంలో, గోధుమ ముక్కల నడుమ పెట్టారు. "ఒకే పళ్ళెం" అన్నారు. కన్నీళ్ళు ఆగలేదు ఆయనకు. నిజంగానే. వెనక ఎవరో ఆమెన్ అన్నారు. యోబు మామ కళ్ళు తుడుచుకున్నాడు.

అందరికీ పంచుకుంటూ, పళ్ళెం కదులుతూ, ముక్కలు ఒకదాని మీద ఒకటి దొర్లుతూ నా దాకా వచ్చింది. నా ముక్క మీద తెల్లటి గోధుమ పొడి. వంగి చూస్తే కనిపించే పొడి. నా అరచేతిలో పెట్టారు. నీ కొరకు అన్నారు.

వద్దనే ధైర్యం లేదు. మింగే ధైర్యం లేదు. పిడికిలి మూసి నోటి దగ్గరికి తీసుకుపోయి, దించి, చీర మడతలో ఉన్న రుమాలులోకి జార్చాను. ద్రాక్షారసం మాత్రం తాగాను. లేచి వస్తుంటే ఆడవాళ్ళు నా చేతులు పట్టుకున్నారు, ఒకరి తర్వాత ఒకరు. చివరి బెంచీలో ప్రసాదు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. నేను తల దించుకుని వచ్చాను.

ఎవరి మీద ఈ రోత? అయ్యగారి మీద కాదు. ఆయన చేసింది ప్రేమతోనే, పెనం మీద జొన్నరొట్టె లాంటి ప్రేమ.

సెప్టెంబరు 8

రుమాలు వంటింటి పై అరలో ఉంది. అది పారేసేది కాదు. తినేదీ కాదు. ఆయనకు చెప్పలేదు. ఎలా ఉంది ఒళ్ళు అని గంటకోసారి అడుగుతున్నారు. బాగుందంటే, చూడు, విశ్వాసంతో తింటే ఏమీ కాలేదు గదా అంటారు. బాగాలేదంటే అబద్ధం. తల నొప్పి అన్నాను.

సెప్టెంబరు 10

యోబు మామ ఫోన్. సంఘమంతా సంతోషంగా ఉండాదని, వచ్చే నెల కూడా అట్లే చేసుకుని తీసుకురమ్మని. తెస్తానన్నాను. నోరు దానంతటది అనేసింది.

ఆయనకైనా చెప్పాలి. అయ్యగారికి చెప్పాలి. ఏమని? మీరు ఏడుస్తూ ఇచ్చినదాన్ని రుమాల్లో కట్టి తెచ్చాననా?

సెప్టెంబరు 11

సాయంత్రం అత్త ఫోన్. ఉప్మా రోజు తర్వాత తనంతట తాను చేయడం ఇదే. వానలు లేవు, మేకకు బాగలేదు, అవీ ఇవీ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"నీ పక్కనే ఉంటిని గదా పాపా. మింగినావా?"

రుమాలున్న పై అర వైపు చూశాను. ఆమె ఫోన్ పెట్టేయలేదు. అటునుంచి మేక దగ్గు వినిపిస్తోంది, ఆమె ఊపిరి వినిపిస్తోంది... నేనూ పెట్టేయలేదు.