కెర్నెల్ లేచేలోగా

మార్చి 12, మంగళవారం, ఉదయం పదకొండు

అన్నయ్యకు, ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపిస్తున్న వదినకు చెల్లెలు నమస్కరించి రాయునది. మీరు పరీక్షల పనిమీద అంధుల బడికి వెళ్లి వారమైంది. ఇక్కడ నేను క్షేమం. ప్రెస్సులో కంప్యూటరే క్షేమంగా లేదు.

ఫోన్ చేద్దునుగానీ, స్పీకర్ పెట్టి ఇద్దరూ ఒకేసారి అడిగితే నాకున్న మతి కూడా పోతుంది. నిన్న కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ లేవలేదు. కెర్నెల్ పాడైంది. కంగారుపడకండి వదినా. కెర్నెల్ అంటే ఇంటికి పెద్దదిక్కు లాంటిది. డిస్కయినా, తెరయినా, మన ముసలి బ్రెయిల్ ప్రింటరైనా దాని మాటే వింటాయి. ఆ ప్రింటర్‌ను ఇప్పటి కెర్నెళ్లు గుర్తుపట్టవు. అందుకే అన్నయ్య దాన్ని నడిపే ప్రోగ్రామును, అదే డ్రైవర్‌ను, కలిపి మనకంటూ వేరే కెర్నెల్ తయారుచేసేవాడు. ఇప్పుడా పని నా నెత్తిన పడింది. పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను లేపి కంపైల్, అంటే కెర్నెల్‌ను కొత్తగా కట్టే పని, మొదలుపెట్టాను.

తెరమీద వరసలు పరుగెడుతున్నాయి. ఇంకో గంట పట్టేలా ఉంది. ఎక్కడ ఎర్రర్ అని ఆగిపోతుందోనని గుండె దడదడలాడుతోంది. రెండుసార్లు టీ పెట్టుకుని రెండుసార్లూ తాగడం మరిచిపోయాను. ఎల్లుండే లెక్కల పరీక్ష. పోయినేడు పేపర్లు అందక ఎవరో చదివి వినిపిస్తే, నలభైమంది పిల్లల్లో సగంమంది తప్పారు. ప్రశ్నలు మా వేళ్లకివ్వండి అని ఒక పాప ఏడ్చిందని నువ్వే చెప్పావు అన్నయ్యా.

నాలుగింటికి పార్సిల్ వ్యాను వస్తుంది. పేపర్లు ఉన్నా లేకున్నా ఈ ఉత్తరం మాత్రం అందులో వస్తుంది.

ఇట్లు,
నీ తొందరమ్మ

తా.క. అన్నయ్యా, ఈ రెండో కాగితం వదిన కళ్లకు ఉత్త చుక్కలు. నీ వేళ్లకు తగులుతున్నాయంటే ప్రింటర్ లేచినట్టే. నలభై పేపర్లూ కట్టలో ఉన్నాయి. పైదాన్ని ఒకసారి తడిమి చూడు. ఎక్కడైనా చుక్క అణిగి ఉంటే వ్యాను డ్రైవర్‌తోనే కబురు పంపు, నా దడ ఇంకా తగ్గలేదు.

నిజానికి నిన్న కరెంటు పోలేదు. నువ్వొచ్చేసరికి చకచకా నడిచే కెర్నెల్ చేసి చూపించాలనుకున్నాను. డిస్కును తెరిచే డ్రైవర్‌ను కెర్నెల్‌లో కలపకుండా, తేలిగ్గా ఉంటుందని ఆ డిస్కు మీదే విడిగా పెట్టాను. తాళంచెవిని పెట్టెలో పెట్టి తాళం వేసినట్టయింది. కొత్తది లేచేదాకా పాత కెర్నెల్‌ను ముట్టుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పావు. చోటు చాలడం లేదని ముందే చెరిపేశాను. ప్రెస్సు నాకప్పగించమని వదినతో వాదించింది నువ్వు కదా, అందుకే ఈ మాట పెన్నుతో రాయడానికి చెయ్యి రాలేదు.

ఈసారి చదివి వినిపించాల్సింది నువ్వు. ఎంతవరకు వినిపిస్తావో నీ ఇష్టం.