దుమారం కొత్త ఇల్లు

బాబాయిగారికి నమస్కారం.

నేనెవరో మీకు తెలియదు. మీ దుమారాన్ని కుక్కల షెల్టర్ నుంచి తెచ్చుకున్నది నేనే. మిమ్మల్ని అడిగే మీ చిరునామా ఇచ్చామన్నారు వాళ్ళు.

నేను టైలర్ని. మావారు పోయి ఏడాదైంది. మిషన్ ఆపితే ఇంట్లో చప్పుడనేదే ఉండదు. హస్కీ జాతి కలిసిన కుక్క, తొమ్మిదేళ్ళవాడు అనగానే, పెద్దవాడు కదా, ఓ మూల పడుకుంటాడులే అనుకున్నాను. మొదటిరోజే నన్ను వీధి చివరిదాకా ఈడ్చుకెళ్ళాడు. ఎవరు ఎవర్ని తిప్పుతున్నారో తెలియక ఎదురింటావిడ పడీ పడీ నవ్వింది. కుట్టడానికిచ్చిన కోటు చెయ్యి ఒకటి నమిలేశాడు కూడా.

అదంతా సరే గానీ ఒక్కటే బెంగ. వీధిలో బస్సు ఆగిన చప్పుడు వింటే చాలు, గిన్నె వదిలేసి గేటు దగ్గరికి పరుగు. దిగినవాళ్ళందరూ వెళ్ళిపోయేదాకా చూసి, తోక వేలాడేసుకుని వస్తాడు. ఇక తిండి ముట్టడు. ఏం చెయ్యమంటారు?

మీ కూతురులాంటి
టైలరమ్మ

---

ప్రియమైన అమ్మాయికి,

వాడి పేరు మార్చనందుకు ముందు నీకు దండం.

నేను రిటైరైన బస్సు డ్రైవర్ని. డ్యూటీ దిగి బస్సులోనే ఇంటికొచ్చేవాణ్ణి. వాడు చూసేది నాకోసమేనమ్మా.

బరువై వదిలించుకోలేదు వాణ్ణి. గొంతులో గడ్డకి ఆపరేషన్ చేశారు. ప్రాణం మిగిలింది, మాట పోయింది. ఒకరోజు పట్టీ తెంపుకుని మెయిన్‌రోడ్డు మీదికి ఉరికాడు. పిలుద్దామని నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. లారీవాడు ఎలా బ్రేకు వేశాడో, మొత్తానికి దక్కాడు. పిలిచి ఆపలేనివాడు అలాంటివాణ్ణి ఎలా పెంచుతాడు? మర్నాడే షెల్టర్‌కి తీసుకెళ్ళాను. నేను ఈ వృద్ధాశ్రమంలో చేరాను.

బస్సు వచ్చే వేళకి వాణ్ణి బయటికి తీసుకెళ్ళు. అలిసిపోయేదాకా పరిగెత్తించు. గొంతు చించుకుని పిలువు. సిగ్గుపడకు.

మీ బాబాయి

---

బాబాయిగారికి,

మీరు చెప్పినట్టే చేస్తున్నాను. మావారు పోయాక నేను గట్టిగా మాట్లాడింది ఇదేనేమో. "దుమారం, ఆగరా!" అని నేను అరుస్తుంటే వీధంతా చూస్తోంది.

నిన్న బస్సు ఆగింది. తలెత్తి విన్నాడు, మళ్ళీ పడుకున్నాడు. ఈ మాట మీకు రాయాలా వద్దా అని చాలా తర్జనభర్జన పడ్డాను.

ఆదివారం వాణ్ణి తీసుకొస్తాను. తోటలో కూర్చోవచ్చని ఆశ్రమంవాళ్ళు ఒప్పుకున్నారు.

టైలరమ్మ

---

ప్రియమైన అమ్మాయికి,

వద్దు తల్లీ. నన్ను చూస్తే వాడు తిరిగి నీ వెంట రాడు. గొలుసు పట్టి లాక్కెళ్ళాల్సొస్తుంది. ఒకసారి షెల్టర్ గేటు దగ్గర ఆ ఏడుపు విన్నాను. రెండోసారి నావల్ల కాదు.

బాబాయి

---

బాబాయిగారికి,

మీ మాట కాదని వస్తున్నాను, తిట్టుకోకండి. మీ దగ్గరే ఉండిపోతానని వాడు మొండికేస్తే ఏం చెయ్యాలో నాకూ తెలియదు. మళ్ళీ ఖాళీ ఇంటికి వెళ్ళాలంటే నాకూ భయమే. అయినా మీరొకసారి వాణ్ణి చూడాలి.

టైలరమ్మ

---

ప్రియమైన అమ్మాయికి,

మీరిద్దరూ వెళ్ళాక చాలాసేపు తోటలోనే ఉండిపోయాను.

వాడు మీద పడ్డ ఊపుకి కుర్చీతో సహా వెనక్కి పోబోయాను. నర్సు కేకలేసింది. తర్వాత ఆపరేషన్ గాటు కనబడకుండా నేను మెడకి చుట్టుకున్న గుడ్డ వాసన చూసి, అక్కడే ముక్కు ఆనించుకుని కదలకుండా ఉన్నాడు. నువ్వు అటు తిరిగి కళ్ళు తుడుచుకోవడం చూశానులే.

నువ్వు లేచి వాడితో "పోదామా నాన్నా" అన్నప్పుడు కుర్చీ గట్టిగా పట్టుకున్నాను, ఇప్పుడు మొదలుపెడతాడు ఏడుపు అని. వాడు లేచాడు. ఒళ్ళు దులుపుకున్నాడు. నీ పక్కనే నడుచుకుంటూ గేటు దాటాడు.

నేను కోరుకున్నదీ అదే, నీ చేత చేయించిందీ అదే. కానీ అబద్ధమెందుకు, ఒక్కసారి వెనక్కి చూస్తాడేమోనని మీరు మలుపు తిరిగేదాకా చూశాను. చూడలేదు.

నర్సు వచ్చి, "ఏంటి తాతా, ఏడుస్తున్నావా నవ్వుతున్నావా?" అంది. గేటు వైపు వేలు చూపించాను.

వీలు చూసుకుని మళ్ళీ తీసుకురా. వాడు రానని మారాం చేస్తే బలవంతపెట్టకు. నువ్వొక్కదానివే రా.

మీ ఇద్దరి
బాబాయి