తప్పు నా కాలిదా, బ్రేకుదా?

అక్టోబర్ 7, మంగళవారం

పక్కింటి లిండా మెయిల్‌బాక్స్‌ని మా పికప్ ట్రక్‌తో గుద్దేశాను. మలుపు దగ్గర బ్రేక్ తొక్కితే రాయిని తొక్కినట్టుంది. రెండు కాళ్లూ పెట్టి తొక్కాక ఆగింది... అప్పటికే బాక్స్ నిలబెట్టిన కర్ర విరిగింది. లిండా మంచిది, "ఇట్స్ జస్ట్ ఎ బాక్స్" అని నవ్వేసింది.

సాయంత్రానికల్లా శిరీషకి తెలిసిపోయింది. ఈయనే చెప్పి ఉంటారు. కూతురి దగ్గర ఏదీ దాచలేరు.

అక్టోబర్ 8

శిరీష వచ్చి తాళం పట్టుకుపోయింది. "అమ్మా, యు ఆర్ సెవెంటీ వన్. నీ లెగ్ వీక్ అయింది ఏమో. నేను రైడ్ ఇస్తా, జస్ట్ కాల్ చెయ్యి."

పెడల్ గట్టిపడిందే అంటే వినదు. ట్రక్ ఎక్కి చూడనైనా చూడలేదు. ఈయన గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

ఆపరేషన్ బల్ల దగ్గర ముప్పై ఏళ్లు నిలబడ్డ కాలు ఇది! ఒళ్లు మండిపోయింది. భయం కూడా వేసింది. ఒకవేళ అది అన్నదే నిజమైతే? కంటి చూపు తగ్గి ఈయన నడపడం ఎప్పుడో మానేశారు. ఇక నేనూ మానేస్తే ఈ అమెరికా ఊళ్లో, అల్ఫారెట్టాలో, పాల డబ్బా కావాలన్నా ఒకరి మొహం చూడాలి.

ఊరుకోను.

అక్టోబర్ 9

బరువు చూసుకునే మెషీన్‌ని గోడకి ఆనించి, నేల మీద కూర్చుని కుడికాలితో తన్నిపట్టాను. తర్వాత ఎడమ కాలితో. ఇంచుమించు సమానం. లేవడానికే కష్టమైంది గానీ, అది వేరే సంగతి.

మొదటి పేషెంట్ క్షేమం. ఇక రెండో పేషెంట్. రెండో తాళం పోపుల డబ్బా వెనక ఉందని శిరీషకి తెలీదు.

అక్టోబర్ 10, శుక్రవారం

బండి కదపకుండా డ్రైవ్‌వేలోనే పరీక్ష. బ్రేక్ ఆయిల్ నిండుగానే ఉంది. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, అలాగే తొక్కిపట్టి స్టార్ట్ చేయాలిట. బండి బాగుంటే కాలి కింద పెడల్ కాస్త దిగాలి. నేను చూసిన యూట్యూబ్ వీడియోలో గడ్డం ఆయనకి దిగింది. నాకు దిగలేదు. మళ్లీ చేశాను — దిగలేదు.

జబ్బు బయటపడ్డందుకు ఇంత సంతోషించడం ఇదే మొదలు. తప్పు కాలిది కాదు!

బూస్టర్ అని ఒక డబ్బా ఉంది. ఇంజిన్ గాలి పీల్చుకుంటుంటే ఆ పీల్పుతో మన కాలికి బలం కలుపుతుంది. ఆ పీల్పు అందడం లేదు. డబ్బా పోయిందా, గొట్టం పోయిందా... రేపు చూడాలి.

మధ్యలో ఈయన పూజ పళ్లెంతో వచ్చారు. బండి కొన్నప్పటినుంచీ శుక్రవారం శుక్రవారం ఉన్నదే. బొట్టు పెట్టి, ముందు అద్దం కింద సందులో గుప్పెడు అక్షింతలు జల్లి, "విఘ్నేశ్వరా, ఆవిణ్ణి క్షేమంగా ఇంటికి చేర్చు" అనుకుంటారు. కాస్త పక్కకి జరగండి, పనిలో ఉన్నాను అని కసిరాను.

అక్టోబర్ 11

స్టెతస్కోప్ తీశాను. చివరి బిళ్ల ఊడదీసి, ఉత్త గొట్టంతో ఇంజిన్‌ని విన్నాను. బూస్టర్ దగ్గర చప్పుడు లేదు. అక్కడినుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం వెంబడి పోతే, అద్దం కింద మూలలో — బుస్స్. గాస్కెట్ పోయిన కుక్కర్. దొరికావు!

ఇంజిన్ చల్లారాక గొట్టం లాగబోతే ఓ క్లిప్పు రానే రాదు. వంటింటి పటకారు తెచ్చి పీకాను. గొట్టానికి కన్నం, చుట్టూ పంటి గాట్లు. ఎలుక. ఆ మూలలోనే గూడు కట్టుకుంది — ఎండుటాకులు, చింపిన టిష్యూలు, పసుపు రాసిన బియ్యం. గుప్పెళ్లకొద్దీ బియ్యం, సగం కొరికినవి.

విఘ్నేశ్వరుడు తన వాహనాన్నే పంపించాడన్నమాట. పగలబడి నవ్వాను. తర్వాత బానెట్ పట్టుకుని ఏడ్చాను.

అక్టోబర్ 13

గూడు శుభ్రం చేశాను. కొత్త గొట్టం, దాని వాల్వ్ తెప్పించి బిగించాను. తొక్కిపట్టి స్టార్ట్ చేశాను.

దిగింది! మెత్తగా దిగింది.

వీధి చివరిదాకా వెళ్లడం, ఆగడం. మళ్లీ వెళ్లడం, ఆగడం. లిండా కొత్త మెయిల్‌బాక్స్ ముందు ఆపి చెయ్యి ఊపాను.

అక్టోబర్ 14

శిరీషకి ఫోన్ చేసి, ఎలుక కొరికింది, బాగుచేశాను అన్నాను. "గుడ్ జాబ్, అమ్మా. బట్ ఎలుక మన ట్రక్‌కే ఎందుకు వచ్చింది? కాజ్ తెలీకపోతే మళ్లీ వస్తుంది కదా. సండే వస్తా, నాకు చూపించు. అప్పుడు కీ ఇస్తా."

సరైన ప్రశ్నే. నా కూతురు మరి.

కొరికిన గొట్టం, ఆ బియ్యం సీసాలో వేసి గరాజ్‌లో పెట్టాను. చూపిస్తే తాళం నాది. కానీ ఈయనకి తెలిస్తే? నాకోసం ఆయన చేయగలిగింది ఇప్పుడు ఆ ఒక్కటే. అదే నా మీదికి తెచ్చిందని తెలిస్తే తట్టుకోలేరు.

అక్టోబర్ 16

ఏమీ తోచలేదు.

అక్టోబర్ 17, శుక్రవారం

పళ్లెంతో వచ్చారు. మామూలుకంటే ఎక్కువ అక్షింతలు.

"ఈమధ్య కాస్త తక్కువ వేస్తున్నా. అందుకే అలా అయిందేమో. బానెట్ తియ్యి, లోపల కూడా వేస్తాను."

బానెట్‌కి అడ్డంగా నిలబడ్డాను.

"బండికి వద్దండీ. నడిపేది నేను కదా, నా మీద వెయ్యండి."

వింతగా చూశారు. తల వంచాను. వేశారు... రెండు చేతులతో, మొత్తం.

"వచ్చే శుక్రవారం బండికి వేస్తాలే" అన్నారు.

జుట్టులో ఇంకా గింజలున్నాయి. ఎల్లుండి శిరీష వస్తుంది. సీసా గరాజ్‌లోనే ఉంది.