నీళ్ళు తీసిన మెట్లు

కడియం,
18-4-1998.

శ్రీవారికి, రమ నమస్కారాలతో రాయునది.

ఇక్కడ నేను, బన్నీ, అత్తయ్యగారు కులాసా. భిలాయి ఎండల్లో మీరెలా ఉన్నారో. బన్నీకి దగ్గు తగ్గింది. ఆవకాయ జాడీ అక్కడికి తిరిగొస్తున్న హరిబాబు గారితో పంపుతున్నాను. ఆయన దారిలో మూత తీయకుండా చూసే పూచీ మాత్రం నాది కాదు.

రాజీనామా ఇచ్చావా అని అడిగారు. చెబుతాను. ముందు మొన్న జరిగింది వినండి, మీకు చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు!

సోమవారం కాలువకి నీళ్ళు కట్టేశారు. గురువారం స్కూలుకి వెళ్తుంటే రేవులో మా ఏడో తరగతి పాపాయి బట్టలు జాడిస్తూ వాళ్ళమ్మతో అంటోంది: "రోజుకి రెండు మెట్లు తీసేత్తందే అమ్మా. మూడ్రోజుల కిందట నీళ్ళు ఆరు మెట్లు పైనుండేయి."

నీరు తగ్గితే తీసింది అంటాం కదా మనం. నేనక్కడే ఆగిపోయాను. తీయడమంటే తీసివేతే కదండీ! రోజుకి మైనస్ రెండు. మూడు రోజులు వెనక్కి వెళ్తే మైనస్ మూడు. నీళ్ళేమో ఆరు మెట్లు పైన, ప్లస్ ఆరు! మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందో, ఎనిమిదేళ్ళుగా లెక్కలు చెబుతున్న నాకు ఆ రేవులో తెలిసింది.

ఆ రోజే క్లాసంతటినీ అక్కడికి తీసుకుపోయాను. హెడ్మాస్టారు సత్తిరాజు గారు "ఏ తీర్థానికమ్మా ఈ ఊరేగింపు?" అంటూ గొడుగేసుకుని వెంటొచ్చారు. ఇవాళ నీళ్ళున్న మెట్టు సున్నా అన్నాను.

"రేపటికి?"

"రెండు కిందకండి!"

"మూడు రోజుల కిందట?"

పాపాయి గబగబా ఆరు మెట్లూ ఎక్కి అరిచింది: "ఎనక్కెళ్తే పైకొత్తాయండి! మైనస్సూ మైనస్సూ ప్లస్సేనండి!"

మాస్టారు గొడుగు మూసి తనూ మెట్లు లెక్కపెట్టుకున్నారు.

ఇక మీ దగ్గర దాచిన సంగతి. జనవరిలో ఈ పాపాయే క్లాసులో లేచి "ప్లస్ ఎందుకవుద్దండి?" అని అడిగింది. నాకు తెలీదు. తెలీదని చెప్పే ధైర్యం లేక, ఎదురు ప్రశ్నలేంటని గోడ కుర్చీ వేయించాను. ఆ తర్వాత ఆ పిల్ల నోరెత్తలేదు. నేను ఆ క్లాసులో బోర్డు వైపే తిరిగి పాఠం చెప్పేదాన్ని. ఉద్యోగం మానేసి వచ్చేస్తానని మీకు రాసింది ఆ వారంలోనే. మీ మీద బెంగతో అనుకుని మురిసిపోయి, క్వార్టర్‌కి సున్నం కూడా వేయించారు. బెంగ నిజమేనండి. కానీ నేను పారిపోదామనుకున్నది ఆ పిల్ల నుంచి.

రేవులో అందరి ముందూ దాని చేయి పట్టుకుని "తప్పు నాదమ్మా, ఆ రోజు నాకూ తెలీదు" అన్నాను. అది వెంటనే "మరి సున్నాతో ఎందుకు భాగించకూడదండి?" అంది. మూడు నెలల తర్వాత ప్రశ్న అడిగింది! ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నాకు తెలీదు, ఇద్దరం వెతుకుదాం అన్నాను.

రాజీనామా ఇవ్వలేదండి. తిట్టండి, పడతాను. సెలవులకి బన్నీతో వస్తాను. జూన్‌లో స్కూలు తెరిచే రోజుకి మాత్రం నన్ను పంపించేయాలి. పాపాయి చేయెత్తినప్పుడు నేను అక్కడ ఉండాలి.

ఇట్లు,
మీ అర్ధాంగి,
రమాదేవి