తాయెత్తు దారం

ఫుజైరా, యు.ఎ.ఇ.

అమ్మా, నేను బాగున్నాను. ఫోన్లో చెబితే ఏడుస్తావని కార్డు రాస్తున్నాను. మొన్న రాత్రి మునిగిపోయిన ఓడను చూపించడానికి టూరిస్టులను సముద్రంలోకి దింపాం. టార్చి వేస్తే తుప్పు కనబడదు, ఓడంతా పగడాలే. నా మెడలోని తాయెత్తును డైవింగ్ సూటులోకి దోపుకోవడం మరిచాను. దాని దారం ఓడ ఇనుముకు చిక్కుకుంది. నాతో జోడీగా నీళ్లలోకి దిగే సోహైల్ చేతిలో కత్తి ఉన్నా కోయలేదు, ఓపిగ్గా వేళ్లతో విప్పాడు. సిలిండర్‌లో గాలి తరిగిపోతుంటే ఆ నిదానమేందని పైకొచ్చాక తిట్టాను.

"అమ్మ కట్టింది గదా భాయ్, కత్తెట్టా పెట్టేది?" అన్నాడు.

చెల్లి తహ్మీనా పరీక్షలు బాగా రాసిందా? అబ్బాకు సలాం చెప్పు. దర్గాలో దువా చదివించి సోహైల్‌కూ ఒక తాయెత్తు పంపు, దారం పొట్టిగా ఉండాలి. ముడి నీ చేత్తోనే వెయ్యమ్మా, వాడికి అమ్మ లేదు.

నీ ఫరాజ్