ఒక్కటే కార్డు

జూన్ 14. పొద్దుటి నుంచి ముసురు. గది కారుతుంటే బకెట్ పెట్టాను.

వదినకు,

అన్నయ్య గొంతు వినాలని ఉంది, నా సినిమా కోసం తీసినవి పంపమని అడిగారు. ఏమీ మిగల్లేదు వదినా.

షూటింగ్ లైట్లు పెట్టే స్తోమత లేక, అన్నయ్య కుట్టు దుకాణపు మసక వెలుగులోనూ బొమ్మ తేటగా వచ్చే చవక కెమెరా కోసం ఏడాది పైనే వెతికాను. ఒక్కో కెమెరా అద్దెకు తెచ్చి, అన్నయ్యను మిషను ముందు కూర్చోబెట్టి మాట్లాడించేవాణ్ణి.

"నువ్వు కెమెరా తేల్చేలోపు నా జుట్టు నెరుస్తుందిరా. అప్పుడు తాత వేషం ఇద్దువుగాని" అని నవ్వేవాడు.

నా దగ్గర ఒక్కటే మెమరీ కార్డు. ఫలితం పుస్తకంలో రాసుకుని, కార్డు చెరిపేసేవాణ్ణి. 'మెడ కింద నీడలో మచ్చలు', 'చర్మం ఎర్రబారింది' అని అన్నీ రాశాను. అన్నయ్య ఏం మాట్లాడాడో ఒక్క ముక్కా రాయలేదు.

తొమ్మిదోది నచ్చి కొన్నాను. మర్నాడే అసలు షూటింగని కార్డు మళ్లీ చెరిపాను. తెల్లారేసరికి, అన్నయ్య నిద్రలోనే పోయాడని మీరు ఫోన్ చేశారు.

ఈ మధ్యాహ్నం కెమెరా అమ్మేద్దామని, పాత కెమెరాలు కొనే దుకాణానికి వెళ్లాను. పనిచేస్తోందో లేదో చూడాలి, ఎవరినైనా ఒకసారి తీసి చూపించమన్నాడు దుకాణదారు. నేను మూత తీసి, అలవాటుగా అన్నయ్య కోసం చూశాను.