అమ్మ ఇచ్చిన వాయనం

జనవరి 4, 2026, ఆదివారం

నాన్న ఇంకా మాట్లాడటం లేదు. నాకు అబ్బాయిలు కాదు, అమ్మాయిలే నచ్చుతారని న్యూ ఇయర్ రోజు అమ్మకీ నాన్నకీ చెప్పేశాను. కేక్ కట్ చేశాక చెప్పడం నా తెలివితక్కువతనం. సగం కేక్ ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది.

నాకు వినపడేలా అమ్మతో అన్నాడు, ఫిబ్రవరి ఒకటిన నన్ను మంచిర్యాలకు, మల్లేష్ మామ ఇంటికి పంపిస్తాడట. గాడ ఉంటె బుద్ధి మారుతది అన్నాడు. టికెట్ కూడా తీసుకొచ్చాడు. ఇక పరీక్షలకు మాత్రం వచ్చి రాసి పోవాలట. అంటే కాలేజీ, మా ఊర్జానగర్ పవర్ ప్లాంట్ కాలనీ, నా గది, అన్నీ బంద్.

జనవరి 6

అమ్మ తిట్టలేదు, ఏడవలేదు. గిదంత నాకు సమజ్ అయితలేదు బిడ్డా, యాడన్న రాసుంటదా అంది. నా బ్యాగ్‌లోంచి పుస్తకం తీశాను. కథలు కాదు. డాక్టర్లు, తల్లిదండ్రులు, నాలాంటి పిల్లలు చెప్పిన నిజమైన సంగతులు. కానీ మరాఠీ, ఇక్కడ నా చదువంతా అందులోనే. అమ్మ చదివింది తెలుగు మీడియం. నాకు తెలుగు రాయడం నేర్పింది కూడా ఆమే. మరాఠీలో కూరగాయల బేరం అదరగొడుతుంది గానీ, చదవమంటే దుకాణం బోర్డు దగ్గరే ఆగిపోతుంది. నాన్నకైతే డ్యూటీ వల్ల చదవడం కూడా వచ్చు.

సరే, నువ్వు సదివి చెప్పు అంది. నా గురించి నేనే, మా అమ్మకి, తెలుగులో! సిగ్గుతో చచ్చాను.

జనవరి 9

కుక్కర్ విజిల్స్ మధ్య మూడో చాప్టర్. ఇది రోగం కాదని ఉన్నచోట మళ్లీ చదవమంది. చదివాను. ఇంకోసారి అంది.

జనవరి 13

ఈ రోజు తల్లిదండ్రుల చాప్టర్. పిల్లల్ని ఇంట్లోంచి దూరంగా పంపించి మార్చాలని చూడకండి అని ఉంది. అమ్మ స్టవ్ ఆపేసింది. వెంటనే వెళ్లి నాన్నకు చెప్పింది.

పుస్తకాలు మస్తు చెప్తయ్, కాలనీల ఎవ్వలన్న ఒప్పుకుంటరా అన్నాడట. మా నాన్నకు దేవుడి తర్వాత కాలనీయే. ఒక్కోసారి దేవుడు కూడా కాలనీ తర్వాతే.

జనవరి 14

అదే పుస్తకం డజను కాపీలు ఆర్డర్ పెట్టమంది అమ్మ. ఎందుకని అడిగితే, కాలనీల తెలిస్తె నీకు ఫరక్ పడ్తదా, నువ్వు వద్దంటె వద్దు అంది. పడదు అన్నాను. కొంచెం పడుతుంది. అయినా ఆర్డర్ పెట్టేశాను.

జనవరి 23, శుక్రవారం

ఇవాళ్టిది పూర్తిగా రాసి తీరాలి.

మా ఇంట్లో హల్దీకుంకూ. ఇక్కడి ఆడవాళ్లందరిలాగే అమ్మ కూడా ప్రతి జనవరిలో ముత్తైదువలను పిలిచి వాయనం ఇస్తుంది. అందరూ ఇచ్చేది స్టీలు గిన్నె, లేకపోతే ప్లాస్టిక్ డబ్బా. ఈసారి అమ్మ పసుపు కుంకుమ పెట్టి, చేతిలో నువ్వుల లడ్డూ పెట్టి, దాంతోపాటు పుస్తకం ఇచ్చింది. ఒక్కొక్కరికీ, వరసగా.

నేను కర్టెన్ వెనక ఉన్నాను. పక్క క్వార్టర్ మాధవి కాకు (ఇక్కడ ఆంటీలను కాకు అనే పిలుస్తాం) అట్ట తిప్పి చదివింది. టక్కున మూసేసింది. హే కాయ్, ఇదేంటి సుభాషిణీ అని అమ్మనడిగింది. మిగతావాళ్లూ తమ పుస్తకాల అట్టలు తిప్పారు.

అమ్మ తన వంకర మరాఠీలోనే చెప్పింది. పిల్లలున్న ఇంట్లో ఉండాల్సిన పుస్తకం ఇది, మా ఇంట్లో అవసరం పడింది, మా బిడ్డ మంచిది అంది. అంతమంది ముందు!

ఎవరూ తిరిగి ఇవ్వలేదు. వాయనం వాపసిస్తే అరిష్టమని వాళ్ల నమ్మకం. మాధవి కాకు రెండు వేళ్లతో పట్టుకుని సంచిలో వేసుకుంది. వాళ్లు వెళ్లాక అమ్మ నవ్వింది. వద్దనేతందుకు లేదు గద బిడ్డా, గందుకే గిట్ల ఇచ్చిన అంది. ఇన్నాళ్లూ ఇంత తెలివి ఎక్కడ దాచుకుందో! పెద్దయ్యాక నేను అమ్మలా ఉండాలి. అచ్చం అమ్మలా.

జనవరి 24

ఇజ్జత్ పోయిందని నాన్న అరిచాడు. పోయి అందరి దగ్గర వాపస్ అడుగుమంటవా అంది అమ్మ. నాన్న చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. టికెట్ సంగతి అడిగే ధైర్యం నాకు లేదు.

జనవరి 28

మాధవి కాకు వచ్చింది. నేను లోపలికి జారుకోబోతే నన్నే పిలిచింది. ఇంకో కాపీ ఉందా అంది. గోండ్‌పిప్రిలో ఉన్న తన చెల్లెలికట. చెల్లెలి కొడుకు సరిగ్గా తినడం లేదట, ఎవరితోనూ మాట్లాడడట. చెబుతూ చెబుతూ నా తల నిమిరింది. నాకు ఏడుపొచ్చేసింది.

మిగిలింది నా కాపీ ఒక్కటే. అదిద్దామని చూస్తే షెల్ఫ్‌లో లేదు. నేనూ అమ్మా ఇల్లంతా వెతికాం. నాన్న టీవీ ముందు నుంచి కదల్లేదు. కాకు మాటలన్నీ విన్నాడు. కొత్తది తెప్పిస్తానని కాకుకు చెప్పాను.

జనవరి 31

బ్యాగ్ సర్దుకున్నాను. అమ్మ తీసి మళ్లీ బట్టలన్నీ బీరువాలో పెట్టింది. నాన్న నైట్ డ్యూటీకి వెళ్లాడు.

ఫిబ్రవరి 1, ఆదివారం

ట్రైన్ వెళ్లిపోయింది. నన్నెవరూ లేపలేదు. నాన్న డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాడు.

టిఫిన్ బాక్స్ కడుగుదామని నాన్న సంచి తెరిచాను. అడుగున నా పుస్తకం. సగం దాకా చదివినట్టున్నాడు. గుర్తుకోసం మధ్యలో మంచిర్యాల టికెట్ పెట్టుకున్నాడు.

పుస్తకం ఎక్కడిదక్కడే పెట్టేశాను.